ఒకటో రాణి, రెండో రాణి

“ఆపు దాన్ని.”

నాగసుబ్బయ్య ఉలిక్కిపడి ఫోను బోర్లించాడు. పాట ఆగలేదు. తీసి తొడ కింద పెట్టుకున్నాడు. తొడ కిందనుంచి కూడా హార్మోనియం మోగుతూనే ఉంది. ఆయన వాయించిందే. అరవై దాటినా మెట్ల మీద ఇంకా వణకని వేళ్లు ఆయనవి.

“నేను పెట్టలేదుమ్మే. అదే వచ్చింది.”

“అదే వచ్చేదానికి అదేమన్నా పక్కింటి పిల్లా? పొద్దున్నుంచి ఎన్నిసార్లు వచ్చె?”

“ఒక్కసారే.”

“దొడ్లో ఒకసారి. మిద్దె మీద ఒకసారి. నీళ్లు పోసుకుంటా ఒకసారి. చెవులు నాకూ ఉండాయి.”

 దొడ్లో నాపరాయి మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే గోడవైపు తిరిగాడు. పెళ్లయిన నాటినుంచి ఆయన పద్ధతి ఇదే. జవాబు లేని చోట హార్మోనియం వాయిస్తాడు. హార్మోనియం లేని చోట గోడ చూస్తాడు.

అనసూయమ్మ వంటింట్లోకి పోయింది. పొయ్యి వెలిగించలేదు. నిన్నటి సంగటి గిన్నెలో గట్టిపడి ఉంది. ఎవరూ ముట్టలేదు.

పాట నిన్న సాయంత్రం ఫోన్లలోకి వచ్చింది. ‘కోటబురుజు’ సినిమాలో మొదటి పాట. సినిమా కాకముందు అది నాటకం. గండికోట రాణి కథ. కడప నుంచి కర్నూలు దాకా ఏ తిరనాళ్లకు పోయినా ఆ నాటకం ఉండేది, నాటకం ఉంటే రాణి అనసూయమ్మే. నిన్న ఫోను ముందు ముగ్గురూ కూర్చున్నారు. మొగుడి హార్మోనియం మోగింది. ఆమె ఊపిరి బిగపట్టింది. అప్పుడు లేచిన గొంతు ఆమెది కాదు.

హైదరాబాదు గాయని శ్రీవాణిది.

పాట కింద పేర్లు పడ్డాయి. హార్మోనియం నాగసుబ్బయ్య. కడపలో రికార్డింగు హిమబిందు. హిమబిందు వాళ్ల కూతురే. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు, పాట కింద ఇద్దరి పేర్లున్నాయి. మూడో పేరూ లేకపోలేదు. అన్నిటికన్నా కింద, కృతజ్ఞతల్లో. షూటింగుకు జనరేటరు ఇచ్చినాయన తర్వాత, భోజనాలు వండి పంపినాయన తర్వాత, అనసూయమ్మ గారు.

దేనికి కృతజ్ఞత? అడిగితే చెప్పేవాడు లేడు.

సీమ మీద సినిమా అంటే ఇన్నాళ్లూ వాళ్లకు సుమోలు గాల్లోకి లేవాలి, వేటకొడవళ్లు లేవాలి. ఈసారి పద్యం కావలసి వచ్చింది. పద్యం కావాలి, పాడిన గొంతు వద్దు. పట్నాల్లో మేడమేడకూ కడప బండ పరుచుకుంటారు. బండ కోసినవాడు ఆ మేడ గడప తొక్కబోతే వాచ్‌మన్ ఆపుతాడు. ఇదీ అంతే, కొత్తేం కాదు. కొత్తది ఒక్కటే. ఈసారి గేటు దగ్గర నిలబడి ఆపింది కన్న కూతురు.

హిమబిందు జడ వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని, వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

“మా, తినేదానికేమన్నా ఉండాదా?”

“పేరుండాది గదా. తిను.”

“ఎన్నాళ్లు ఇట్ల మాట్లాడకుండా ఉంటావు?”

“మాట్లాడ్తానే ఉండా గదా.”

“దీన్ని మాట్లాడ్డం అంటారా?”

అనసూయమ్మ గిన్నె తీసి తొట్టిలో పడేసింది. సంగటి ముద్ద రాయిలా మోగింది.

“నేను పాడినేది ట్రాకని నీకు తెల్సు,” అంది.

ట్రాకు అంటే అచ్చు. పెద్ద గాయని వచ్చేదాకా చోటు నింపడానికి ఎవరితోనో పాడించుకునే పాట. పెద్ద గాయని అది విని నేర్చుకుంటుంది. దాని మీద తన గొంతు పోస్తుంది. ఆ తర్వాత కింది గొంతు తీసేస్తారు, ఇటుక ఎండినాక అచ్చు తీసి పక్కన పారేసినట్టు.

“నువ్వే ఒప్పుకుంటివి మా. నా ముందరే. ధనుంజయ సార్ ఫోన్ చేసి అడిగినాడా లేదా? ‘శ్రీవాణి గారు కూడా రాణికి పాడతారమ్మా, మీకేం బాధ లేదు గదా’ అని. నువ్వేమంటివి? నవ్వినావు. ‘ఇద్దరు రాణులు లేని నాటకం యాడుంటాది నాయనా’ అంటివి.”

నిజమే. అన్నది.

ఎందుకు అనదు? పద్యనాటకం తెల్లవార్లూ ఆడాలి. ఒక్క గొంతు తెల్లవార్లూ నిలవదు. అందుకని పెద్ద వేషానికల్లా ఇద్దరు. ఒకటో రాజు, రెండో రాజు. ఒకటో రాణి, రెండో రాణి. సగం నాటకం ఒకరిది, సగం ఒకరిది. కరపత్రంలో ఇద్దరి పేర్లూ పక్కపక్కనే పడతాయి. అనసూయమ్మ బతికిన లోకంలో ‘ఇంకొకామె కూడా పాడుతుంది’ అంటే పంచుకోవడమే. తుడిచేయడం అనే అర్థం ఒకటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చెప్పగలిగిన మనిషి ఆరోజు పక్కనే కూర్చుని ఉంది.

“నేనేమనుకోని నవ్వినానో నీకు తెల్సు గదా పాపా?”

హిమబిందు గుమ్మానికి ఆనుకుంది.

“తెల్సు గదా?”

“తెల్సు.”

“మల్ల ఎందుకు గమ్మునుంటివి?”

వీధిలో ఉల్లిగడ్డల బండివాడు మైకులో అరుచుకుంటూ పోయాడు. ఆ అరుపు సందు చివరికి పోయేదాకా హిమబిందు ఆగింది.

“చెప్పింటే పాడేదానివి కాదు. నువ్వు పాడితే, ఒక్కసారి వాళ్ల చెవిన పడితే, ఇంక మార్చుకోలేరనుకున్నా. ఆ గొంతు ముందర ఎవరొచ్చినా నిలబడరనుకున్నా. నమ్మినా మా.”

“ఎవర్ని నమ్మినావు? నన్నా, వాళ్లనా?”

 హిమబిందు చెప్పులేసుకునే చప్పుడు వచ్చింది.

వీధి తలుపు తీసేసరికి కారు ఆగి ఉంది. దాన్లోంచి దిగుతున్నవాడు ధనుంజయ. సినిమాకు సంగీతం చేస్తున్నది అతనే. కర్నూల్లో పుట్టి హైదరాబాదులో పెరిగినవాడు. ముప్పై అయిదేళ్లకే కళ్ల కింద నలుపు. చేతిలో పళ్ల సంచి, మడిచిన శాలువా.

“అమ్మ ఉన్నారా బిందూ?”

“ఉండాది,” అని హిమబిందు పక్కకు తప్పుకుంది. పోయేది పోక అక్కడే నిలబడింది.

ధనుంజయ లోపలికొచ్చి శాలువా విప్పాడు. అనసూయమ్మ రెండడుగులు వెనక్కేసింది.

“కడప ఎండల్లో శాలువా ఎందుకప్పా? మడత పెట్టు. సలికాలం వచ్చినప్పుడు నువ్వే కప్పుకుందువు.”

“కోపంగా ఉన్నారు.”

“కోపమా? నాకు కోపమెందుకు నాయనా? అన్నం వండినాయన పక్కన పేరేసినావు. అన్నం పుణ్యమే గదా.”

ధనుంజయ శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. దొడ్లోంచి నాగసుబ్బయ్య వచ్చి, ఎవరూ రమ్మనని మనిషిలా తలుపు పక్కన నిలబడ్డాడు.

“నా చేతుల్లో లేదమ్మా. ఆల్బం హక్కులు కొన్నవాళ్లు శ్రీవాణి పేరు చూసి కొన్నారు. నేను మీ గొంతు వినిపించినా. బాగుందన్నారు. బాగుంది, ఎవరీమె అన్నారు. అంతే. అక్కడ అయిపోయింది.”

“ఎవరీమె అంటే నువ్వేం చెప్తివి?”

ధనుంజయ తల దించుకున్నాడు.

“సరే, వచ్చిన పని చెప్పు. పండ్లు తినేదానికి రాలేదు గదా నువ్వు.”

అతను చెప్పాడు. ఆల్బంలో పాటలన్నీ అయిపోయాయి. చివరిది మిగిలింది, బురుజు పద్యం. రాజు యుద్ధానికి పోతాడు. ఆగమంటే ఆగడు. రాణి బురుజెక్కి పాడుతుంది. శ్రీవాణి పద్యం పాడింది, బాగా పాడింది. పద్యం చివర పాదం తర్వాత సాగే రాగం మాత్రం రావడం లేదు. ఎన్నిసార్లు పాడించినా కచేరీ అవుతోంది, బురుజు కావడం లేదు.

“ఆ రాగం ఒక్కటి మీరు మళ్లీ పాడాలమ్మా. ట్రాకులోది శ్రీవాణి శ్రుతికి కలవడం లేదు. మాటలుండవు. పద్యం ఆమెది, రాగం మీది. రెండూ కలిపేస్తాం. ఎవరికీ తెలియదు, అంత బాగా కలుపుతాం.”

ధైర్యం చెప్తున్నాననే అనుకున్నాడు అతను. హిమబిందు మొహం తిప్పుకుంది.

“ఎవరికీ తెలీదా?” అంది అనసూయమ్మ.

“అస్సలు తెలీదు.”

“పేరు?”

“కృతజ్ఞతల్లో పైకి తెస్తా.”

“జనరేటరు కన్నా పైకా?”

“పైకే అమ్మా.”

అనసూయమ్మ నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కొంగుతో నోరు తుడుచుకుంది.

“నేనొకటి చెప్తా విను ధనుంజయా. సగం పద్యం ఆ పిల్ల పాడనీ. సగం నేను పాడతా. ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఎయ్యి. ఆ పిల్లదే ముందెయ్యి, నాకేం లేదు. నువ్వు కర్నూలోనివి గదా, ఇద్దరు రాణుల నాటకం చూసింటావు.”

“మా తాత చూసేవాడంటమ్మా.”

“ఆయన్ని పంపు. ఆయనతో మాట్లాడుకుంటా.”

“ఆయన పోయినాడు.”

“పోతారు,” అంది. “పోయేవాళ్లంతా పోతానే ఉండారు.”

ధనుంజయ లేచాడు. “రేపు మధ్యాహ్నం బిందు స్టూడియోలో ఉంటా. కింద బండల కోత మిషను ఆపినప్పుడు. మీరు రాకపోతే హైదరాబాదులో ఎవరితోనో పాడించుకోవాల. నాకు ఇష్టం లేదు. అయినా పాడిస్తా. చెప్తున్నా, దాపరికం లేదు.”

అతను పోయాక తలుపు పక్కనుంచి నాగసుబ్బయ్య అన్నాడు, “పాడరాదూ? రాగమన్నా ఉంటాది గదా నీది.”

ముప్పై ఏళ్లు ఒకే స్టేజీ మీద, చేతికి చెయ్యి అందేంత దూరంలో కూర్చుని వాయించిన మనిషి. ఆమె ఎక్కడ ఊపిరి తీస్తుందో ఆమెకన్నా ముందు తెలిసిన మనిషి. అనసూయమ్మ ఆయన్ని తేరిపార చూసింది. రైలు పెట్టెలో ఎదురుగా కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాణ్ణి చూసినట్టుంది ఆమెకు.

సంచి తీసుకుని బస్టాండుకు పోయింది.

*

రాయచోటి బస్సులో కిటికీ సీటు దొరికింది. ఘాటు రోడ్డు ఎక్కుతుంటే పక్కసీటు ఆడమనిషి ఫోనులో పాట పెట్టింది. హార్మోనియం మోగింది.

“మన కడప సినిమా అంట అక్కా. ఎంత బాగ పాడింది చూడు. ఇను, ఇను,” అని ఆమె ఫోను అనసూయమ్మ చెవి దగ్గర పెట్టింది.

“బాగుంది.”

“మా నాయన చెప్తాండె, వెనకట ఇట్లాంటి నాటకాలు శానా ఆడేవాళ్లంట. నువ్వెప్పుడన్నా చూసినావా?”

“లేదు,” అంది అనసూయమ్మ.

ఎందుకు అంది? అది నేనే అంటే ఏమవుతుంది? ఆ మనిషి నవ్వుతుంది. లేకపోతే నమ్ముతుంది. నమ్మితే పాడమంటుంది. బస్సులో పాడలేక, పాడకుండా ఉండలేక చావాలి. లేదు అనడమే సులువు. గువ్వలచెరువులో బస్సు ఆగితే అందరూ దిగి పాలకోవా కొనుక్కున్నారు. ఖాళీ బస్సులో ఆమె ఒక్కతే కూర్చుంది.

నాగలక్ష్మమ్మ గాజుల కొట్టు రాయచోటి బస్టాండు వెనక సందులో ఉంది. కోటబురుజు నాటకంలో ఆమె ఒకటో రాణి. ఇప్పుడు ఒక కాలేజీ పిల్ల చేతిని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలి కణుపు నొక్కి గాజు ఎక్కిస్తోంది. అనసూయమ్మను చూసి లేవలేదు.

“కూచో. ఈ చెయ్యి అయిపోనీ.”

ఆ చెయ్యి అయ్యింది. రెండో చెయ్యి అయ్యింది. ఆ పిల్ల స్నేహితురాలి చెయ్యి కూడా అయ్యింది. అనసూయమ్మ స్టూలు మీద కూర్చునే ఉంది.

“పాట వినింటావు,” అంది చివరికి.

“విన్నా. హార్మోనియం బాగుంది.”

“అక్కా, నన్ను తీసేసినారు.”

“ఔనా,” అంది నాగలక్ష్మమ్మ, పగిలిన గాజుముక్కలు ఏరుకుంటూ.

“ఔనా అంటావేంది? అచ్చు నా పాటే. నా గొంతు మీద ఆ పిల్ల గొంతు పోసినారు. ఇప్పుడు రాగం ఒక్కటి కావాలంట. పేరు లేకుండా. ఎవరికీ తెలీకుండా కలుపుతారంట. ఎట్లుంటాదక్కా మనిషికి?”

నాగలక్ష్మమ్మ గాజుముక్కలు డబ్బాలో వేసింది.

“ఎట్లుంటాదో నేను చెప్పల్నా? నువ్వు రెండో రాణివి. బురుజు పద్యం నీది. తెల్లారుజామున జనం లేచి నిలబడి వన్స్ మోర్ అని అరుస్తాంటే నువ్వు మల్ల పాడేదానివి. అప్పుడు నేను యాడుంటి?”

అనసూయమ్మ గుర్తు తెచ్చుకోబోయింది. జనం గుర్తొచ్చారు. లైట్లు గుర్తొచ్చాయి. హార్మోనియం దగ్గర నాగసుబ్బయ్య గుర్తొచ్చాడు. నాగలక్ష్మమ్మ ఎక్కడా కనబడలేదు.

“తెర వెనక,” అంది నాగలక్ష్మమ్మ. “కొబ్బరినూనె రాసుకోని మొగం మీద రంగు తుడుచుకుంటాంటి. పక్కింట్లో పెండ్లి జరుగుతాంటే ఇనపడినట్టు ఇనపడ్తాండె మీ సప్పట్లు. ఈపొద్దు ఈ సందులో ఎవర్నన్నా అడుగు, కోటబురుజులో రాణి ఎవరని. అనసూయమ్మ అంటారు. నన్ను అడిగినా నేనదే చెప్తా. ఇది నీకు కొత్తమ్మే. నాకు పాతది.”

గుమ్మంలో ఎవరో తొంగి చూసి, ఇద్దరు ముసలివాళ్ల మొహాలూ చూసి వెళ్లిపోయారు.

“మల్ల ఎందుకు మానుకోలే నువ్వు?” అంది అనసూయమ్మ. “అన్నేండ్లు నాతోబాటు తిరిగినావే.”

“నువ్వు నా పాదం అందుకుంటాంటివి గదా.”

అది నాటకం పద్ధతి. ఒకటో రాణి తన చివరి పద్యం పాడి తెర చాటుకు పోతుంది. రెండో రాణి వస్తూ వస్తూ, ముందామె విడిచిపెట్టిన చివరి పాదాన్ని అవే మాటలతో మళ్లీ ఎత్తుకోవాలి. అప్పుడు జనానికి తెలుస్తుంది, మనిషి మారింది, రాణి మారలేదని. కొందరు ఎగ్గొడతారు. వస్తూనే సొంత పద్యం ఎత్తుకుని చప్పట్లు లాక్కుంటారు.

“నువ్వొక్కసారి కూడా ఎగ్గొట్టలే. గొంతు బాగలేని దినం కూడా. నీ నోట్లో నా పాదం ఇన్నాకే నేను నూనెసీసా మూత తీస్తాంటి. దానికోసరమే వస్తాంటి నేను. పేరుకు కాదు.”

 నాగలక్ష్మమ్మ అనసూయమ్మ చెయ్యి లాక్కుని, అలవాటు చొప్పున కణుపు నొక్కి చూసింది.

“చెయ్యి గట్టిపడిందే. నీకు పాత కొలత ఎక్కదు ఇంక.” చెయ్యి విడవకుండానే అడిగింది, “ఆ పిల్ల ఎట్ల పాడింది, నిజం చెప్పు.”

“బాగనే పాడింది.”

“ఒకటో రాణి బాగలేకుండా ఎప్పుడు పాడిందిమ్మే?” అని, ఇంకో చెయ్యి చాపిన బేరం వైపు తిరిగింది నాగలక్ష్మమ్మ.

దీపాలు పెట్టే వేళకు అనసూయమ్మ ఇల్లు చేరింది. పొయ్యి వెలిగించింది. ముగ్గురికీ వండింది. కూతురు ముందు కంచం పెడుతూ అంది, “రేపు వస్తానని చెప్పు ఆయనకు.”

హిమబిందు తలెత్తింది. ఎందుకని అడగబోయి, తల్లి మొహం చూసి, అన్నం కలుపుకుంది.

*

బండలు కోసే షెడ్డు మీద రెండు గదులు, అదే స్టూడియో. గోడలకు గోనెపట్టాలు, పాత బొంతలు. ఎన్నికలప్పుడు పార్టీల పాటలు, మామూలప్పుడు స్కూళ్ల ప్రకటనలు అక్కడే చేస్తుంది హిమబిందు. కింద మిషను తిరుగుతున్నంతసేపూ పైన గోడలు కూడా రాయి కోస్తున్నట్టే వణుకుతాయి. కూలీలు అన్నానికి కూర్చున్నప్పుడే గొంతు రికార్డు చేయడం కుదురుతుంది. వాళ్లు టిఫిన్లు మూసేలోపల పాట అయిపోవాలి.

మిషను ఆగింది. ఆ నిశ్శబ్దం ఒక్కసారిగా మీద పడింది.

లోపలి గదిలో అనసూయమ్మ ఒక్కతే. ముందు మైకు. అద్దం అవతల కంప్యూటరు ముందు హిమబిందు, ఆమె వెనక నిలబడి ధనుంజయ. మూల బెంచీ మీద నాగసుబ్బయ్య. తోడు రానవసరం లేదన్నా వచ్చాడు. హార్మోనియం లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

ముప్పై ఏళ్లలో ఆమె మనుషులు లేని చోట పాడింది ట్రాకు కోసం పాడినప్పుడే. అప్పుడు మైకు అవతల జనం ఉంటారనుకుని పాడింది. ఇవాళ లేరని తెలుసు.

చెవుల మీద పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో కూతురి గొంతు వచ్చింది. “మా, ఇనపడ్తాందా?”

“ఇనపడ్తాంది.”

“శ్రీవాణి పద్యం వస్తాది. చివర ‘ఎన్నడీవు’ అంటాది. ఆడ ఎర్రదీపం ఎలుగుతాది, రికార్డు ఆపేదాకా ఆరదు. ఆడనుంచి నువ్వు రాగం. మాటలొద్దు.”

“చెప్పినావు గదా,” అంది అనసూయమ్మ.

పద్యం మొదలైంది. నిన్నటిదాకా ఆ గొంతు విన్నప్పుడల్లా ఆమె చెవుల్లోకి సీసం పోసినట్టుండేది. ఇంత దగ్గరగా, ఇంత ఒంటరిగా ఎప్పుడూ వినలేదు.

*పెన్న యాగెను నా కోస మెన్నడీవు?*

పారే పెన్నేరే నా కోసం ఆగింది, నువ్వెన్నడు ఆగుతావని రాణి అడిగే మాట. ‘నా కోస’ దగ్గర అనసూయమ్మ రవ్వంత తడబడి ఆగుతుంది. అది సంగీతం కాదు. ఒక తిరనాళ్లలో గాలి లేచి దుమ్ము గొంతులో పడితే ఆగింది. రాణికి ఏడుపొచ్చిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆనాటినుంచి అక్కడ ఆగుతోంది. ఈ పిల్ల కూడా సరిగ్గా అక్కడే ఆగింది. ఎక్కడో చల్లగదిలో, దుమ్ము లేని చోట, ముక్కూ మొహం తెలియని గొంతును చెవుల్లో పెట్టుకుని, ఆ దుమ్మును కూడా నేర్చుకుంది.

ఆ పిల్ల ముందర కూడా జనం లేరు. ఒకటో రాణి పాడి పోయింది. ఇప్పుడు ఏ తెర చాటునో ఉంది.

ఎర్రదీపం వెలిగింది.

అనసూయమ్మ పొట్ట అడుగునుంచి ఊపిరి తీసుకుంది. చెయ్యి, ఎవరూ చెప్పకుండానే, కొంగు సర్దుకుంది, తెర చాటునుంచి స్టేజీ మీదికొచ్చేటప్పుడు సర్దుకున్నట్టు.

*పెన్న యాగెను...*

మాటలతో ఎత్తుకుంది. ఆ పిల్ల విడిచిన పాదాన్ని, అవే మాటలతో, అదే తడబాటుతో అందుకుంది. అద్దం అవతల ధనుంజయ తల విదిలించాడు. మాటలొచ్చాయి. పర్వాలేదు, మాటలు కోసి పారేసి రాగం ఉంచుకోవచ్చు. పాదానికీ రాగానికీ నడుమ ఎప్పుడూ చోటుంటుంది. నాటకంలో చప్పట్లకు విడిచే చోటు. ట్రాకులోనూ ఆమె ఆ చోటు విడిచింది. కత్తి దిగేది అక్కడే.

*...మెన్నడీవు.*

ఈ గదిలో చప్పట్లు లేవు. ఆ చోటు ఎవరికోసం?

అనసూయమ్మ ఆగలేదు. ఊపిరి తీయలేదు. ‘ఈవు’ చివరి ‘ఉ’కారాన్ని పట్టుకునే పైకి లేచింది. ఎక్కడ మాట అయిపోయిందో, ఎక్కడ రాగం మొదలైందో దేవుడొచ్చినా గీత గీయలేడు. పాదం ఉంచితే రాగం ఉంటుంది. పాదం తీస్తే రాగం పోతుంది. రెండూ ఉంచితే, పాట విన్న ప్రతివాడూ అడుగుతాడు, ఈ రెండో రాణి ఎవరని.

కంప్యూటరు తెర మీద గొంతు గీతలు గీతలుగా పాకుతోంది. హిమబిందు వాటిని చూస్తూ ఉండిపోయింది. రోజూ పాటలు కోసే పిల్ల. ఎక్కడా సందు లేదని అందరికన్నా ముందు దానికే తెలిసింది. 

ధనుంజయ వంగి ఏదో అన్నాడు. అద్దంలోంచి మాట రాలేదు, పెదవులు మాత్రం కనబడ్డాయి. ఆపమంటున్నాడు. మళ్లీ పాడించవచ్చని అతని లెక్క. యాభై ఎనిమిదేళ్ల ఛాతీలో ఇంతటి ఊపిరి ఇంకోసారి లేదని అతనికేం తెలుసు?

మూల బెంచీ మీద నాగసుబ్బయ్యకు తెలుసు. ఆయన వేళ్లు మోకాళ్ల మీద లేచాయి. లేని మెట్లను నొక్కడం మొదలుపెట్టాయి.

ధనుంజయ ఈసారి గట్టిగా అరిచాడు. హిమబిందు చెయ్యి ఆపే మీట మీదికి పోయింది. వేలు దాని మీద ఆనింది. తల మాత్రం తిప్పి, అద్దంలోంచి తిన్నగా తల్లి కళ్లలోకి చూసింది.

ఊపిరి అడుగంటుతోంది. కింద టిఫిన్ మూతలు పడుతున్నాయి. అనసూయమ్మ కూతురి వేలు మీదినుంచి చూపు తీసి, ఎర్రదీపం మీద పెట్టి, రాగాన్ని ఇంకో మెట్టు పైకెక్కించింది.

దీపం ఇంకా ఆరలేదు.